డాక్టరు విక్రం సారాభాయి

మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొనిన ఈ శుభ సమయమున, ఈ రజతోత్సవ సంచిక యందు ఒక మహనీయుని జీవితమును స్మరించుకొనుట ఉచితముగ నుండును. కవులను గూర్చియు, దేశభక్తులను గూర్చియు, సంఘ సంస్కర్తలను గూర్చియు పెద్దలు పలువురు వ్రాయుచుందురు. నేనొక శాస్త్రజ్ఞుని గూర్చి వ్రాయ బూనితిని. ఆయన మన ప్రాంతమున జన్మింపలేదు. మన భాష ఆయన మాతృభాష కాదు. అయినను మన పల్లెలలో దుక్కి దున్ను రైతులును, మన తీరమున వలలు వేయు జాలరులును ఆయనకు ఋణపడి యున్నారు.

బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినప్పుడు, సముద్రము మీద చక్రమువలె తిరుగుచున్న మేఘముల చిత్రమును మనమందరము చూచుచున్నాము. ఆ చిత్రము భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచిన కృత్రిమ ఉపగ్రహము తీసినది. నేడు పల్లెలోని బాలుడు సైతము దానిని చూచి ఆశ్చర్యపడడు. కాని కొంత ఆలోచించి చూడుడు. ఆ చిత్రము ఎవరి సొత్తు? దానిని తీసిన యంత్రము ఎవరిదో వారిదా? చిత్రములో కనబడు నేలయు నీరును ఎవరివో వారిదా? ధనవంతములైన దేశములు ఆకాశము నుండి మన పంటలను, నదులను, అడవులను, గనులను పరీక్షించి, తెలిసికొనిన దానిని తమయొద్దనే దాచుకొనియున్నచో మన గతి ఏమై యుండును? ఈ ప్రశ్న పుట్టిన కాలముననే, దానికి తగిన సమాధానమును వెదకుటకు పాటుపడిన వారిలో అగ్రగణ్యులు డాక్టరు విక్రం సారాభాయిగారు.

బాల్యము, విద్య

సారాభాయిగారు 1919 సంవత్సరము ఆగస్టు 12వ తేదీన అహమ్మదాబాదు నగరమున జన్మించిరి. తండ్రి అంబాలాల్ సారాభాయి ఆ నగరమున పేరుగాంచిన బట్టల మిల్లు యజమాని. తల్లి సరళాదేవి. ఆ దంపతులకు కలిగిన ఎనమండుగురు సంతానములో విక్రం ఒకరు. బిడ్డలను బడికి పంపుటకు మారుగా తలిదండ్రులు తమ ఇంటనే ఒక పాఠశాలను నెలకొల్పి, మంచి ఉపాధ్యాయులను రప్పించి, చదువుతోపాటు చేతిపనులను గూడ నేర్పించిరి.

ఆ ఇల్లు ధనమునకే గాక ధర్మచింతనకును నెలవై యుండెను. గాంధీ మహాత్ముడును, రవీంద్రనాథ ఠాకూరును ఆ కుటుంబమునకు సన్నిహితులు. 1918లో అహమ్మదాబాదు మిల్లు కూలీలు సమ్మె చేసినప్పుడు, విక్రముగారి మేనత్త అనసూయాబెన్ గాంధీజీతో కలిసి కూలీల పక్షమున నిలిచెను. ఆమె తమ్ముడైన అంబాలాల్ మిల్లు యజమానుల పక్షమున నుండెను. ఒకే కుటుంబమున ఇట్టి భేదముండియు వారి అనురాగము చెడలేదు. వేర్వేరు పక్షముల వారు ఒక మంచి పనికై కలిసి కూర్చుండవచ్చునను నమ్మకము సారాభాయిగారి జీవితమంతట కానవచ్చును. ఆ నమ్మకమునకు బీజము ఆ ఇంటనే పడినదని తలచుట తప్పు కాదు.

అహమ్మదాబాదున కళాశాల విద్య ముగించి ఆయన ఇంగ్లండునకు పోయి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ప్రకృతి శాస్త్రములను అభ్యసించి 1940లో పట్టము పొందిరి. అప్పటికే రెండవ ప్రపంచ యుద్ధము చెలరేగినందున స్వదేశమునకు మరలి వచ్చి, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో సర్ సి. వి. రామన్ గారి యొద్ద పరిశోధన ప్రారంభించిరి. అచ్చటనే హోమీ భాభాగారితో మైత్రి కలిగెను. 1942లో ప్రసిద్ధ నాట్యకళాకారిణి మృణాళినీ స్వామినాథన్ గారిని వివాహమాడిరి. యుద్ధము ముగిసిన వెనుక తిరిగి కేంబ్రిడ్జికి పోయి 1947లో డాక్టరేటు పట్టముతో వచ్చిరి.

ఆయన పరిశోధించిన విషయము విశ్వకిరణములు. అంతరిక్షము నుండి రాత్రింబవళ్లు భూమిపై వర్షించు సూక్ష్మ కణములకు ఆ పేరు. అవి రాజ్యముల ఎల్లలను ఎఱుగవు. ఒకచోట కూర్చుండి కొలిచినచో వాటి మర్మము తెలియదు. కొండ మీదను, సముద్రతీరమునను, భూమధ్యరేఖకు దగ్గఱను, దూరముననుగూడ కొలిచి, ఆ లెక్కలన్నిటిని పోల్చి చూడవలెను. అనగా ఒక దేశము వారి కొలతలు మఱియొక దేశము వారికి అందిననే గాని ఈ శాస్త్రము ముందుకు సాగదు. ఇచ్చి పుచ్చుకొనుట అనునది ఆయనకు పరిశోధనాలయముననే అలవడిన నిత్యకృత్యము.

పరిశోధనాలయ స్థాపన

స్వాతంత్ర్యము వచ్చిన మూడు నెలలకే, 1947 నవంబరు 11వ తేదీన, అహమ్మదాబాదున భౌతిక పరిశోధనాలయమును స్థాపించిరి. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియెనిమిది సంవత్సరములు. వాతావరణ శాస్త్రమున పేరొందిన కె. ఆర్. రామనాథన్ గారిని ఆ సంస్థకు పెద్ద దిక్కుగా తెచ్చుకొనిరి. తాము ధనమును సమకూర్చి, తమకంటె వయస్సునను అనుభవమునను అధికుడైన వానిని ఆసనమున కూర్చుండబెట్టి, తాము ప్రక్కన నిలిచి పనిచేయుట అందఱికిని సాధ్యమగు గుణము కాదు. బట్టల పరిశ్రమకు పరిశోధన సంస్థ, నిర్వహణ విద్యకు కళాశాల మొదలగునవి గూడ ఆయన పూనికతో ఆ నగరమున వెలసినవి.

1957 జూలై మొదలు 1958 ముగియువఱకు అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరమని జరిగెను. అరువదికి పైగా దేశముల వారు భూమిని, సముద్రమును, వాయుమండలమును ఏకకాలమున కొలిచి, ఆ లెక్కలను అందఱికిని అందుబాటులో నుండునట్లు ప్రపంచ కేంద్రములలో భద్రపఱచిరి. మన దేశము గూడ ఆ పనిలో పాల్గొనెను. ఆ కాలముననే, 1957 అక్టోబరు 4వ తేదీన, సోవియట్ రష్యా మొదటి కృత్రిమ ఉపగ్రహమును ఆకాశమునకు పంపెను. మరుసటి సంవత్సరము అమెరికాయు పంపెను. లోకులు దానిని రెండు గొప్ప రాజ్యముల పోటీగా చూచిరి. సారాభాయిగారు మాత్రము దానిని వేరొక దృష్టితో చూచిరి. ఈ సాధనము బీద దేశమునకు ఎట్లు ఉపయోగించునని ఆయన యోచింప సాగిరి.

తుంబా తీరమున

1962లో భారత ప్రభుత్వము అంతరిక్ష పరిశోధనకై ఒక జాతీయ సంఘమును ఏర్పఱచి, సారాభాయిగారిని దానికి అధ్యక్షులుగా నియమించెను. రాకెట్లను పంపుటకు కేరళమున తిరువనంతపురము చెంతనున్న తుంబా అను జాలరి పల్లెను ఎంచుకొనిరి. భూమి యొక్క అయస్కాంత మధ్యరేఖ ఆ పల్లె సమీపమున పోవుచున్నది. ఆ రేఖపై సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున వాయుమండలమున ఒక విద్యుత్ ప్రవాహము కలదు. దానిని పరీక్షించుటకు అంతకంటె అనువైన స్థలములు లోకమున అరుదు.

ఆ పల్లెలో క్రైస్తవ దేవాలయము ఒకటి యుండెను. మతగురువులును, పల్లె ప్రజలును సమ్మతించి ఆ దేవాలయమును, తమ ఇండ్ల స్థలములను దేశమున కిచ్చివేసి వేఱొకచోటికి తరలిపోయిరి. ఆ దేవాలయమే మొదటి కార్యశాల అయ్యెను. రాకెట్టు భాగములను సైకిలు మీద మోసికొనిపోయిన రోజులవి. తరతరములుగా నివసించిన తావును విడిచిపోయిన ఆ జాలరుల త్యాగమును సారాభాయిగారి కీర్తిని చెప్పుకొనునప్పుడు మఱువరాదు.

1963 నవంబరు 21వ తేదీన తుంబా నుండి మొదటి రాకెట్టు లేచెను. ఆ రాకెట్టు అమెరికా ఇచ్చినది. అది మోసిన సోడియము ఆవిరి పరికరము ఫ్రాన్సు ఇచ్చినది. సాయంకాలపు ఆకాశమున నారింజ రంగు మేఘము విరియగా కేరళ ప్రజలు అబ్బురపడి చూచిరి. తరువాత సోవియట్ రష్యా గణన యంత్రమును, హెలికాప్టరును సమకూర్చెను. ఆనాడు అమెరికా, రష్యాలు ఒకరినొకరు శత్రువులుగా చూచుకొనుచుండిరి. ఆ ఇరువురి పరికరములును ఒక జాలరి పల్లెలో ప్రక్కప్రక్కన నిలిచినవన్నచో, ఆ ఘనత సారాభాయిగారి నేర్పునకును, ఐక్యరాజ్యసమితి అండకును చెందును. ఏ దేశపు శాస్త్రజ్ఞులైనను వచ్చి పరిశోధించుకొనునట్లు, 1968 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ఆ కేంద్రమును ఐక్యరాజ్యసమితికి అంకితము చేసిరి. విజ్ఞానమును అడిగి తెచ్చుకొను దేశము, తనకున్న స్థలమును లోకమునకు తెఱచి చూపెను. తీసికొనుటతోపాటు ఇచ్చుట గూడ నుండవలెనను నియమము ఈ విధముగ మొదటనే ఏర్పడెను.

మేఘముల చిత్రములు

ఇచ్చట కొంత వెనుకకు పోయి ఒక విషయము చెప్పవలెను. 1960 ఏప్రిలున అమెరికా వారు టైరోస్ అను మొదటి వాతావరణ ఉపగ్రహమును పంపిరి. 1961 డిసెంబరున ఐక్యరాజ్యసమితి మహాసభ, ఆకాశము నుండి తెలియవచ్చు వాతావరణ విషయములు అన్ని దేశములకును మేలు కలిగించునట్లు ఏర్పాట్లు చేయుడని ప్రపంచ వాతావరణ సంస్థను కోరెను. 1963 డిసెంబరున పంపిన టైరోస్ ఉపగ్రహములలో ఎనిమిదవదానియందు ఒక క్రొత్త యంత్రమును అమర్చిరి. అది మేఘముల చిత్రమును తీసినవెంటనే, క్రింద ఏ దేశముండిన ఆ దేశమునకు రేడియో ద్వారా పంపెడిది. స్వల్ప వ్యయముతో ఒక గ్రాహక యంత్రమును కట్టుకొనిన ఏ దేశమైనను, ఎవరి అనుమతియు లేకుండ ఆ చిత్రమును అందుకొనవచ్చును. ఆ సమయమున హిందూ మహాసముద్రమున అనేక దేశములు కలిసి పరిశోధన సాగించుచుండెను. అందుకొఱకు బొంబాయిలో నెలకొల్పిన వాతావరణ కేంద్రమున ఆ చిత్రములను అందుకొనిరి.

సముద్రము మీద కొలతలు తీయువారు ఉండరు. ఓడ ఏదైన ఆ దారిని పోయిననే గాని తుపాను జాడ తెలిసెడిది కాదు. ఎన్నో తరములుగా మన తీరవాసులు సముద్రము మీద పడిన తరువాతనే దాని సంగతి ఎఱిగిరి. ఇప్పుడు రెండు మూడు దినములు ముందుగనే తుపాను కంటికి కనబడునట్లయ్యెను. దేశములు పరస్పరము సహకరించుట వలని ఫలము ఇట్టిదని దీనిచేత రుజువయ్యెను.

వియన్నా మహాసభ

1966 జనవరిలో హోమీ భాభాగారు విమాన ప్రమాదమున మరణించిరి. అణుశక్తి సంఘాధ్యక్షతయు సారాభాయిగారిపై పడెను. అంతరిక్షమును విడువక, దీనిని కాదనక, రెండు భారములను ఆయన మోసిరి. 1967లో ఐక్యరాజ్యసమితి సహాయముతో అహమ్మదాబాదున ఉపగ్రహ వార్తా కేంద్రమును నెలకొల్పి, అచ్చట మన యువకులకే గాక ఇతర వర్ధమాన దేశముల వారికిని శిక్షణ నిప్పించిరి.

1968 ఆగస్టున వియన్నా నగరమున ఐక్యరాజ్యసమితి ఒక మహాసభను జరిపెను. బాహ్యాకాశమును శాంతి కార్యములకు వినియోగించుటను గూర్చి లోకమున జరిగిన మొదటి సభ యది. సారాభాయిగారు ఆ సభకు ఉపాధ్యక్షులుగను, శాస్త్ర చర్చలకు అధ్యక్షులుగను వ్యవహరించిరి. ఆనాడు బీద దేశముల ముందు రెండు చిక్కు ప్రశ్నలు నిలిచియుండెను.

మొదటిది స్వదేశమునుండియే వచ్చు ప్రశ్న. కూడు, గుడ్డ, నీరు చాలని దేశమునకు ఆకాశముతో ఏమి పని? ఇది న్యాయమైన ప్రశ్నయే. 1965, 1966 సంవత్సరములలో మన దేశమున వానలు తప్పి తిండిగింజలకై ఇతర దేశముల నోడలకు ఎదురుచూచిన రోజులవి. సారాభాయిగారు ఈ ప్రశ్నను తోసిపుచ్చలేదు. చంద్రుని మీదికి పోవుటలో గొప్ప రాజ్యములతో పోటీపడవలెనను కోరిక తమకు లేదని ఆయన స్పష్టము చేసిరి. ఏ ఏట వాన పడునో, ఏ నేలలో నీరున్నదో, ఏ పంటకు తెగులు తగిలినదో తెలిసికొనలేని దేశమునకే ఈ సాధనము ఎక్కువ అవసరమని ఆయన వాదము. ధనవంతుని పొలమునకు నూతులు, కాలువలు ఉండును. ఆకాశము వంక చూచువాడు మెట్ట రైతే కదా!

రెండవది వెలుపలినుండి వచ్చు ప్రశ్న. అమెరికాలో అప్పటికే భూమిని పరీక్షించు ఉపగ్రహమును నిర్మించు యోచన సాగుచుండెను. మన ఖనిజములను, పంటలను మనకంటె ముందు పరులు చూతురేమో, ధరలను తమకు అనుకూలముగ త్రిప్పుకొందురేమో యని పలు దేశములకు భయము కలిగెను. చూడవద్దని ఆజ్ఞాపించుట ఆచరణకు లొంగదు. ఆకాశమునకు కంచె వేయలేము. కనుక చూచినదానిని అందఱికిని పంచవలెనని అడుగుట యొక్కటే మార్గము. అయితే పంచి యిచ్చినదానిని చదువగల నేర్పు లేనివానికి అది కాగితపు ముక్క మాత్రమే. సారాభాయిగారి దృష్టి ఈ రెండవ మాట మీదనే నిలిచెను. పరదేశముల సహకారము కోరవలెను, కాని స్వశక్తి లేని చోట సహకారము భిక్షగా మాఱును. కనుక అడుగుటతోపాటు నేర్చుకొనవలెను అనునది ఆయన పద్ధతి.

కొబ్బరి తోటలు

ఆ పద్ధతికి మంచి నిదర్శనము కేరళ కొబ్బరి తోటలలో కనబడును. అచ్చటి చెట్లను వేరు తెగులు పీడించుచుండెను. చెట్టు వాడినట్లు కంటికి తెలియు సరికి తెగులు ముదిరిపోయెడిది. సారాభాయిగారి ప్రోత్సాహముతో, వాతావరణ శాస్త్రజ్ఞులైన పి. ఆర్. పిషారటిగారు 1970 ప్రాంతమున హెలికాప్టరు నుండి ఒక విధమైన ఫిలిముతో ఆ తోటలను ఫొటోలు తీయించిరి. ఆరోగ్యముగనున్న ఆకు మన కంటికి కనబడని పరారుణ కిరణములను విశేషముగ వెనుకకు త్రిప్పి పంపును. ఆ ఫిలిముపై అది ఎఱ్ఱగ కనబడును. తెగులు తగిలిన ఆకు ఆ కాంతిని కోల్పోవును. ఈ విధముగ నేల మీద నిలిచినవానికి తెలియని వ్యాధి, పైనుండి చూచినవానికి తెలిసెను.

పరికరములు పరదేశములవి, తోటలు మనవి, చదివిన కన్నులు మనవి. ఆకాశము నుండి భూమిని పరీక్షించు విద్యకు మన దేశమున ఇదియే అంకురార్పణము. అమెరికా భూపరీక్ష ఉపగ్రహము ఇంకను లేవకముందే, దాని చిత్రములను చదువుటకు మన వారు ఓనమాలు దిద్దుకొనిరి.

చివరి సంవత్సరములు

1969 ఆగస్టు 15వ తేదీన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ ఏర్పడెను. ఆ ఏడాది సెప్టెంబరుననే అమెరికాతో ఒక ఒడంబడిక కుదిరెను. దాని ప్రకారము అమెరికా తన ఉపగ్రహమును ఒక సంవత్సరము మన కుపయోగించుట కీయవలెను. గ్రామములలో టెలివిజను పెట్టెలు నెలకొల్పుటయు, విద్య, వ్యవసాయము, ఆరోగ్యములపై కార్యక్రమములు తయారు చేయుటయు మన వంతు. ఆ ప్రయోగము 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వఱకు జరిగెను. ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు అది అందెను. వానిలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. మన పల్లె జనులు తెలుగు మాటను ఆకాశము నుండి వినిరి. కాని ఒడంబడికను కుదిర్చిన పెద్ద అది చూచుటకు జీవించి లేరు.

పులికాటు సరస్సునకును, సముద్రమునకును నడుమనున్న శ్రీహరికోట దీవిని రాకెట్ల కేంద్రమునకై ఎన్నుకొనినదియు ఆ రోజులలోనే. అచ్చట తరతరములుగా నివసించిన యానాదులలో పలువురు ఆ తావును విడువవలసి వచ్చెను. తుంబా జాలరుల వలె వీరును స్మరింపదగినవారు. 1971 అక్టోబరు 9వ తేదీన శ్రీహరికోట నుండి మొదటి చిన్న రాకెట్టు లేచెను.

అప్పటికి సారాభాయిగారి దేహము అలసియుండెను. అహమ్మదాబాదు, బొంబాయి, ఢిల్లీ, తిరువనంతపురముల నడుమ ఆయనకు ప్రయాణములే నివాసమయ్యెను. ఒక్కని చేతిలో ఇన్ని బాధ్యతలు ఉండరాదని మిత్రులు తలచిరి. అది సత్యము. ఆయన వేసుకొనిన గడువులు గూడ అన్నియు నెరవేఱలేదు. మన రాకెట్టుతో మన ఉపగ్రహమును పంపుట ఆయన ఆశించిన దానికంటె జాగై 1980లో గాని నెరవేఱలేదు. 1971 డిసెంబరు 30వ తేదీన, తుంబా పనులు చూచుటకు వచ్చి బసచేసిన కోవళమున, ఆయన నిద్రలోనే కన్నుమూసిరి. వయస్సు ఏబదిరెండు సంవత్సరములు మాత్రమే. భారత ప్రభుత్వము 1966లో పద్మభూషణ బిరుదమును, మరణానంతరము పద్మవిభూషణ బిరుదమును ఆయన కిచ్చి గౌరవించెను.

ఆయన నాటిన చెట్టు

ఆయన గతించిన ఏడు నెలలకు, 1972 జూలై 23వ తేదీన, అమెరికా భూపరీక్ష ఉపగ్రహమును పంపెను. పిమ్మట దానికి లాండ్‌శాట్ అని పేరు వచ్చెను. అది పదునెనిమిది దినముల కొకమాఱు భూమి నంతను చూచివచ్చెడిది. దాని చిత్రములను ఏ దేశము వారైనను, ప్రతి తీయుట కగు ఖర్చు మాత్రము చెల్లించి కొనుక్కొనవచ్చునని అమెరికా ప్రకటించెను. మన దేశము 1974లో ఈ విద్యకై ఒక జాతీయ సంస్థను ఏర్పఱచెను. హైదరాబాదు దానికి కేంద్రమయ్యెను. ఆ నగరమునకు సమీపమున షాద్‌నగరులో 1979లో లాండ్‌శాట్ చిత్రములను నేరుగ అందుకొను కేంద్రము వెలసెను. మన తెలుగు నేల మీదనే దేశమంతటి చిత్రములు దిగుచుండెను.

కాని పంచుకొనుట అనునది ఎంతవఱకు పోవలెనో తెలియజేసిన దారుణము ఈ నడుమనే జరిగెను. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచెను. సుమారు 10,000 మంది మరణించిరి. తుపాను వచ్చుచున్నదని వాతావరణ శాఖకు తెలియకపోలేదు. ఆ కబురు దీవులలోని పూరిపాకలకు సకాలమున, నమ్మదగిన రీతిని చేరలేదు. ఉపగ్రహము చూచినది రాజధానికి అందినంత మాత్రమున చాలదు. చిట్టచివరి ఇంటికి అందిననాడే అది పంచుకొనుట యగును.

తరువాత 1983లో అమెరికా అంతరిక్ష నౌకపై మన ఇన్సాట్ ఉపగ్రహము ఆకాశమున కేగెను. మేఘములను చూచు కన్నును, తీర గ్రామములకు నేరుగ హెచ్చరిక వినిపించు గొంతును గూడ దానికి అమర్చిరి. 1990 మే నెలలో దివిసీమ ఉప్పెనను తలపించు తుపాను మరల కోస్తాను తాకెను. ఈ మాఱు లక్షల జనులను ముందుగ తరలించిరి. మృతుల సంఖ్య వేయి లోపుననే నిలిచెను. అదియు దుఃఖకరమే. కాని ఆ రెండు సంఖ్యల నడుమ నున్న భేదమే సారాభాయిగారికి తగిన స్మారకము.

పంచుకొనుట సాఫీగా సాగలేదని గూడ చెప్పవలెను. 1984 తరువాత అమెరికా లాండ్‌శాట్ చిత్రముల అమ్మకమును వర్తకుల కప్పగించెను. ఒక్క చిత్రమునకు వేల డాలర్ల ధర పలికెను. బీద దేశములకు అవి అందని పండ్లైనవి. 1986 డిసెంబరున ఐక్యరాజ్యసమితి మహాసభ కొన్ని సూత్రములను ఆమోదించెను. ఏ దేశమును ఆకాశము నుండి చూచిరో ఆ దేశమునకు, పక్షపాతము లేకుండ, సమంజసమైన వెలకు ఆ సమాచారము అందవలెనని అందు చెప్పిరి. వియన్నాలో మొదలైన చర్చకు పదునెనిమిది ఏండ్ల తరువాత వచ్చిన ఫలమది. మన దేశము 1988లో స్వంత భూపరీక్ష ఉపగ్రహమును సోవియట్ రాకెట్టుతో పంపుకొనెను. కొన్ని ఏండ్లకే మన ఉపగ్రహముల చిత్రములను ఇతర దేశములును అందుకొన సాగెను. 1995లో డెహరాడూనున ఐక్యరాజ్యసమితి అనుబంధముతో ఒక శిక్షణ కేంద్రము వెలసెను. ఆసియా, పసిఫిక్ దేశముల యువకులు అచ్చటికి వచ్చి ఈ విద్యను నేర్చుకొనుచున్నారు. ఒకనాడు విద్యార్థిగ నిలిచిన దేశము ఉపాధ్యాయ పీఠము నెక్కెను.

2008లో అమెరికా లాండ్‌శాట్ చిత్రములన్నిటిని ఉచితముగ లోకమునకు తెఱచెను. 2025 జూలై 30వ తేదీన అమెరికాయు, భారతదేశమును కలిసి నిర్మించిన నిసార్ ఉపగ్రహము శ్రీహరికోట నుండి మన రాకెట్టు మీద లేచెను. దాని చిత్రములను అందఱికిని ఉచితముగ ఇచ్చునట్లు ఇరుదేశములును నిర్ణయించినవి. తుంబాలో పరుల రాకెట్టు మీద మొదలైన పని, అరువదిరెండేండ్లకు మన రాకెట్టు మీద సమాన భాగస్వామ్యముగ నిలిచెను.

పాఠక సోదరీ సోదరులారా! మన గ్రంథాలయము ఏ నియమముపై ఇన్నేండ్లు నడచినదో తలచుకొనుడు. పుస్తకము కొనలేని వానికి గూడ పుస్తకము అందవలెను. తీసికొనిపోయిన వాడు భద్రముగ తిరిగి తేవలెను. చేతనైనవాడు ఒక పుస్తకమును కానుకగ ఈయవలెను. అన్నిటికంటె ముందు, అక్షరములు నేర్వని వానికి అక్షరములు నేర్పవలెను. లేనిచో ఎన్ని బీరువాలు నిండియున్నను ఫలము లేదు. విక్రం సారాభాయిగారు ఆకాశము విషయమున చేసినదియు ఇదియే. దేశముల నడుమ ఒక గ్రంథాలయము వంటిది ఏర్పడవలెనని కోరి, అందు మన దేశమును మొదట చదువరిగ చేర్చి, పిదప దాతగ నిలుపుటకు ఆయన బాట వేసిరి. ఆ బాట మన ఊరి చివరి గుడిసె వఱకు పోవుచున్నదా లేదా యని చూచుకొనుట మాత్రము మన పని.